వంకర కనిపిస్తే రాయి కట్టు

పిల్లలూ, ఈ కథ మీరు ఎప్పుడూ వినలేదు. వినకపోవడం మీ తప్పు కాదు, ఇన్నాళ్ళూ చెప్పకపోవడం నా తప్పు. ఇక్కడి దుకాణంలో పొట్లకాయ గడ్డకట్టిన చక్రాలుగా సంచిలో దొరుకుతుంది. అది తీగకి ఎలా వేలాడుతుందో మీరు చూడలేదు. అందుకని ముందు ఆ సంగతి చెప్పాలి, చెప్పకపోతే మీకు కథంతా అబద్ధంలా ఉంటుంది.

పొట్లకాయ పాములా పొడుగ్గా పెరుగుతుంది. పందిరి మీంచి కిందికి వేలాడుతూ పెరిగేటప్పుడు కొన్ని కాయలు మెలికలు తిరిగిపోతాయి. మెలిక తిరిగిన కాయని సంతలో ఎవరూ కొనరు. అందుకని పిందెగా ఉన్నప్పుడే దాని కొసకి దారంతో ఒక చిన్న రాయి కడతారు. ఆ కాస్త బరువుకి కాయ తిన్నగా దిగుతుంది. ఇది నిజం. ఈ కథలో మిగతాదేదీ నమ్మకపోయినా ఇది మాత్రం నమ్మండి.

ఇక కథ. అనగనగా ఒక వాగు ఒడ్డున ఎకరం తోట. వానాకాలం బెండ, బీర, పొట్ల. చలి మొదలయ్యేసరికి వంగ, చిక్కుడు. ఎండాకాలం దోస, గుమ్మడి. ఏ కాలం కూర ఆ కాలంలో కోసి సంతకి మోసుకుపోయేవాళ్ళు. తోట లచ్చన్నది. లచ్చన్నకి ఇద్దరు కొడుకులు, పెద్దవాడు గవరయ్య, చిన్నవాడు అప్పలకొండ. గవరయ్య పెళ్ళాం నూకాలు.

ఆ ఇంటివాళ్ళకి తమ తెలివంటే మహా గర్వం. ఊళ్ళోవాళ్ళు వాన వచ్చినప్పుడు గొడుగు వేసుకునేవాళ్ళు. వీళ్ళు వాన వెలిశాక వేసుకునేవాళ్ళు, గొడుగు తడిస్తే పాడవుతుందని. పాలు పొంగిపోకుండా ఉండాలని ఒకసారి పొయ్యి వెలిగించకుండానే పాలు కాచారు. ఒక్క చుక్క పొంగలేదు. "ఊరంతా పాలు పొయ్యిపాలు చేసుకుంటుంది, మనింట్లో చూడు," అనుకుంటూ ఆ పచ్చిపాలే తాగి, మూతులు తుడుచుకున్నారు.

ఆ ఇంట్లో తెలివైన మనిషి ఒక్కతే, లచ్చన్న భార్య పైడమ్మ. తోట నడిచేది ఆమె మాట మీదే. ఇంటి దూలానికి గుజ్జు తీసి ఎండబెట్టిన ఆనపకాయ బుర్ర ఒకటి వేలాడుతుండేది. అందులో బీర గింజలు, పొట్ల గింజలు, చిక్కుడు గింజలు, అన్నీ ఆమె అత్తగారి అత్తగారి నాటినుంచి ఏటేటా మార్చుకుంటూ దాచుకొచ్చినవి. ఆ బుర్ర ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే రైతు. మిగతావాళ్ళు మట్టి పిసికేవాళ్ళు.

గవరయ్యకి ముప్పై అయిదేళ్ళొచ్చినా బుర్ర అతని చేతికి రాలేదు. సంతలో ఎవరైనా, "ఏం గవరయ్యా, ఈసారి ఏం వేస్తున్నావ్?" అని అడిగి, అతను నోరు తెరిచేలోపే, "అదే, మీ అమ్మ ఏం వెయ్యమంది?" అని సరిదిద్దుకునేవాళ్ళు. ఆ మాట గవరయ్యకి ముల్లులా గుచ్చుకునేది. ఒక్కసారి ఆ బుర్ర చేత్తో పట్టుకుని, గింజ తీసి తన ఇష్టమొచ్చిన పాదులో వెయ్యాలని అతని కోరిక. అంతకు మించి ఏ కోరికా లేదు పాపం.

ఒక ఏడాది వానాకాలం చివర, చలి మొదలయ్యే వేళ, పైడమ్మ కళ్ళకి పొరలు కమ్మాయి. ఆపరేషనుకి పట్నంలో చెల్లెలింటికి వెళ్ళాలి. వెళ్తే నలభై రోజులు. బుర్ర చంకలో పెట్టుకుని బస్సు మెట్టు మీద నిలబడి పెద్దకొడుకుని పిలిచింది.

"ఒరే గవరా, జాగ్రత్తగా విను. ఎక్కడ వంకర కనిపించినా రాయి కట్టు, బద్ధకించకు. పిందె వైపు వేలు చూపించకు, ఎవర్నీ చూపించనివ్వకు, రాలిపోతాయి. ఎర్రగుడ్డ కట్టిన పొట్లకాయ విత్తనాల కాయ. అది పండేదాకా దానిమీద ఎవరి చెయ్యీ పడకూడదు. నేనొచ్చేసరికి ఆ కాయ తీగమీద ఎర్రగా కనబడిందా, ఈ బుర్ర నీది. కనబడలేదా, బుర్రా తోటా మీ బావ సన్యాసికి అప్పగిస్తాను. మాటంటే మాటే."

రాయి ఎంతది, ఎప్పుడు విప్పాలి, ఎందుకు కట్టాలి, ఇవన్నీ చెప్పే వ్యవధి లేదు. బస్సు హారను కొడుతోంది. వెళ్ళిపోయింది.

గవరయ్య ఆ మూడు మాటలూ వేళ్ళమీద లెక్కపెట్టుకుంటూ ఇంటికొచ్చాడు. మర్నాడు పొద్దున్నే ముగ్గురూ పందిరి కింద చేరి మెలిక తిరిగిన పొట్లపిందెలన్నిటికీ రాళ్ళు కట్టేశారు. మధ్యాహ్నానికి పని అయిపోయింది. చక్కగా చేశారు. అక్కడితో ఆగి ఉంటే నాకు ఈ కథ లేదు.

"అన్నా, ఇటు చూడు," అన్నాడు అప్పలకొండ. అతని చేతిలో చిక్కుడుకాయ ఉంది. "నెలవంకలా ఉంది."

"అది చిక్కుడు కదా మరిదీ," అంది నూకాలు.

గవరయ్య ఆలోచించాడు. "అమ్మ పొట్లకాయ అందా? అనలేదు. ఎక్కడ వంకర కనిపించినా అంది."

అంతే. చిక్కుడు పాదు మీద పడ్డారు. చిక్కుడుకాయ పుట్టడమే వంకరగా పుడుతుంది. ఒక్కొక్క కాయకీ ఒక్కొక్క దారం, ఒక్కొక్క గులకరాయి. పదకొండు రోజులు కట్టారు. వాళ్ళు అక్కడ కడుతుంటే ఇక్కడ బెండకాయలు ముదిరి కర్రలైపోయాయి. బీరకాయలు పీచుకట్టి ఒళ్ళు తోముకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాకుండా పోయాయి. "పోతే పోయాయి, తిన్నగానే ముదిరాయి కదా," అంది నూకాలు. ఆ మాటకి ముగ్గురికీ తృప్తిగా అనిపించింది.

పన్నెండో రోజుకి వాగులో గులకరాళ్ళు అయిపోయాయి. వంకర మాత్రం ఇంకా మిగిలింది. తోట చుట్టూ తాతలనాటి రాతిగోడ ఉంది, మేకలు రాకుండా పేర్చింది. దానిలోంచి రాళ్ళు లాగి, పగలగొట్టి, చిక్కుళ్ళకి కట్టారు. ఇంకేముంది, గోడ పోయింది, మేకలు వచ్చాయి.

పక్కతోట ఎర్రన్న గట్టుమీంచి చూశాడు. పరిగెత్తుకుంటూ వచ్చి, "ఒరే గవరయ్యా, వంగతోటలో మేకలు పడ్డాయిరా," అని అటువైపు చెయ్యి చాపి వేలు చూపించాడు.

గవరయ్య గుండె గతుక్కుమంది. మేకల్ని చూసి కాదు, వేలుని చూసి. "అప్పలకొండా, పట్టుకో," అన్నాడు. ఇద్దరూ కలిసి ఎర్రన్నని కింద పడేసి, అతని కుడిచేతికి గోనెసంచి తొడిగి మొలతాడుతో బిగించారు.

"నన్నెందుకురా కడతారు? మేకల్ని కట్టండి."

"మేకలకి వేళ్ళు లేవు మావా. వాటివల్ల పిందెకి ప్రమాదం లేదు."

"అవి పిందెల్ని నమిలేస్తున్నాయిరా."

"నమలనీ. చూపించడం లేదు కదా."

ఎర్రన్న గోనెసంచి చెయ్యితో తలబాదుకున్నాడు. మేకలు వంగతోట ముగించి, చిక్కుడు పాదుకి వెళ్ళి, రాళ్ళు పళ్ళకి తగిలి తిరిగి వచ్చేశాయి. "చూశావా మావా, రాయి కట్టడంలో ఎంత లాభం ఉందో," అన్నాడు గవరయ్య.

అలా మిగిలిన చిక్కుడుకాయలే ఆ వారం సంతకి వెళ్ళాలి. వేలు చూపించకుండా కొయ్యడం ఒక అవస్థ. "ఏది కొయ్యను?" అని నూకాలు అడుగుతుంది. "అదే," అంటాడు గవరయ్య. "ఏదే?" "దాని పక్కది." "దేని పక్కది?" చివరికి అతను గడ్డంతో చూపించాడు. గడ్డం నిండా వెంట్రుకలే కాబట్టి ఎటు చూపించాడో ఆమెకి తెలియలేదు. చేతికందిన పిందెలన్నీ కోసి తట్ట నింపింది, రాళ్ళతో సహా.

సంతలో తట్ట దింపగానే జనం మూగారు. కాయ చేత్తో పట్టుకున్నవాళ్ళు బరువుకి వదిలేశారు. "ముప్పాతిక వంతు రాళ్ళే ఉన్నాయి, మోసం," అన్నాడొకడు. గవరయ్యకి రోషం వచ్చింది. "మోసమేంటి బాబూ? రాయికి మేం డబ్బు అడగలేదు. ఊరికే ఇస్తున్నాం." ఆరోజు కాయలు అమ్ముడు పోలేదు. రాళ్ళు మాత్రం కొన్ని వాళ్ళమీదికే తిరిగొచ్చాయి.

ముప్పయ్యో రోజు. తోటలో ఇక ఎటు చూసినా మోడులే. పొట్లపందిరి ఒక్కటే నిలబడింది. దాని నడుమ ఎర్రగుడ్డ కట్టిన కాయ, కొస దగ్గర కొంచెం పసుపు తిరుగుతూ. గవరయ్య దాన్ని దూరంనుంచి, చేతులు వెనక్కి కట్టుకుని, రోజూ చూసి వెళ్ళేవాడు. పది రోజులు. పది రోజులు ఆగితే బుర్ర తన చేతిలో ఉంటుంది. సన్యాసి బావ పళ్ళు ఇకిలిస్తూ తోటలో తిరగడం అతనికి కళ్ళముందు కనబడేది. అది కనబడినప్పుడల్లా ఇంకా ఎక్కడైనా వంకర మిగిలిపోయిందేమో అని భయం వేసేది.

అప్పుడే లచ్చన్న కర్ర పొడుచుకుంటూ పందిరి కిందికి వచ్చాడు. లచ్చన్నకి నడుం వంగి పదేళ్ళయింది.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"ఇన్నాళ్ళూ మన కంట ఎలా పడలేదు?" అన్నాడు గవరయ్య.

"రోజూ అన్నం పెడుతూనే ఉన్నాను, నాకూ తట్టలేదు," అంది నూకాలు.

వెంటనే లచ్చన్న మెడకి చిన్న రాయి ఒకటి కట్టారు. నడుం ఇంకా కిందికి వంగింది. పెద్ద రాయి కట్టారు. ముక్కు మోకాలికి తగిలింది. లచ్చన్న ఆ ఇంటి పెద్ద, తెలివి అతని దగ్గరే మొదలైంది. మోకాళ్ళమధ్యనుంచే చెప్పాడు. "ఒరే తెలివితక్కువ వెధవల్లారా, కాయకి రాయి ఎక్కడ కడతారు?"

"కొసకి."

"కాయ ఎలా ఉంటుంది?"

"వేలాడుతూ ఉంటుంది."

"మరి నేను నిలబడి ఉన్నాను కదరా. నన్ను వేలాడదీయకుండా రాయి కడితే ఎలా?"

"అందుకే అయ్యని పెద్దరైతు అంటారు," అన్నాడు అప్పలకొండ.

అంతే. నూకాలు పాత చీర తెచ్చింది. దాన్ని లచ్చన్న చంకల కింద చుట్టి, పందిరి నడుమ వాసానికి కట్టి లేపారు. కాళ్ళకి, ఒక కాలికి రుబ్బురోలు పొత్రం, ఒక కాలికి తిరగలి రాయి. లచ్చన్న గాలిలో ఊగుతూ, "ఆఁ, సాగుతున్నట్టే ఉంది," అన్నాడు. వాసం కిర్రుమంది. "నడుమే, సర్దుకుంటోంది," అన్నాడు గవరయ్య. గుంజలు పక్కకి ఒరిగాయి. ఇంకేముంది, పందిరి, తీగలు, కాయలు, పొత్రం, లచ్చన్న, అన్నీ కలిసి ఒక్కసారిగా నేలమట్టమయ్యాయి.

దుమ్ము తగ్గాక గవరయ్య మొదట తండ్రి కోసం చూడలేదు. ఎర్రగుడ్డ కోసం చూశాడు. కనబడింది. తీగ తెగలేదు. విత్తనాల కాయ ఆకుల కుప్ప మీద వెల్లకిలా పడ్డ లచ్చన్న పొట్టమీద, పొడుగ్గా, పదిలంగా పడుకుని ఉంది.

"అయ్యా, దాన్ని ముట్టుకున్నావా?" అన్నాడు గవరయ్య.

"నేను ముట్టుకోలేదు. అదే నన్ను ముట్టుకుంది."

"చెయ్యి పడలేదు కదా?"

"చేతులు రెండూ వాసం కింద ఉన్నాయి."

గవరయ్యకి ప్రాణం లేచొచ్చింది. మెల్లగా వాసం ఎత్తి తండ్రి చేతులు తప్పించాడు. అంతకు మించి కదిలించడానికి లేదు. కదిలితే కాయ జారుతుంది, జారితే పట్టుకోవాలి, పట్టుకుంటే చెయ్యి పడుతుంది. దాంతో లచ్చన్న పది రోజులు అక్కడే పడుకున్నాడు. నూకాలు మూడు పూటలా గంజి నోట్లో పోసేది. గవరయ్య గొడుగు పట్టుకుని కూర్చునేవాడు, ఎండ తండ్రి మొహాన పడేలా, కాయ మీద మాత్రం నీడ ఉండేలా.

"దురద పెడుతోందిరా గవరా."

"కాయకా, నీకా?"

"నాకే."

"అయితే ఫర్వాలేదు."

నలభయ్యో రోజు పొద్దున పైడమ్మ బస్సు దిగింది. నల్లకళ్ళద్దాలు తీసి తోటని చూసింది. గోడ లేదు. వంగ లేదు. చిక్కుడు పాదుకి ఆకులు లేవు, రాళ్ళు వేలాడుతున్నాయి. పందిరి పడి ఉంది. దానిలో మొగుడు వెల్లకిలా ఉన్నాడు. అతని పొట్టమీద పొట్లకాయ, ఎర్రగా, దొండపండులా.

"కళ్ళు బాగయ్యాయా అత్తా?" అని నూకాలు అడిగింది.

"పొరలున్నప్పుడే నయంగా ఉండేదే," అంది పైడమ్మ.

గవరయ్య తల్లి చంకలో ఉన్న బుర్రనే చూస్తున్నాడు. పైడమ్మ వంగి కాయ కోసింది. పది రోజులుగా కదలని లచ్చన్న అప్పుడు పక్కకి తిరిగాడు. నాలుగు రోజులపాటు పైడమ్మ గింజలు తీసి, కడిగి, బూడిద పట్టించి, నీడన ఆరబెట్టి బుర్రలో పోసింది. మూతికి బిరడా బిగించి, మైనం పూసి, కొడుకు చేతిలో పెట్టింది.

గట్టుమీంచి ఎర్రన్న ఉండబట్టలేక అడిగాడు. "కాయ కనబడింది సరే, తోట కనబడలేదా పైడమ్మా?"

"కాయ ఎర్రగా కనబడితే ఇస్తానన్నాను. కనబడింది, ఇచ్చాను. తోట సంగతి నేను అనలేదు కదా."

అంతే. నలభై ఏళ్ళు ఆ ఇంటి కూడు తింటే ఎవరికైనా అంటుకుంటుంది.

"ఒక్కటి గుర్తుపెట్టుకో గవరా," అంది ఆమె. "బుర్రకి ఎలక చేరకూడదు. చీమ పట్టకూడదు. లోపలికి తడి వెళ్ళకూడదు. వానలు పడేదాకా భద్రం."

గవరయ్య బుర్రని గుండెలకి హత్తుకుని ఇల్లంతా తిరిగాడు. జీవితంలో మొదటిసారి రైతయ్యాడు, తప్పు చెయ్యకూడదు. దూలం మీద ఎలక తిరగడం తన కళ్ళతో చూశాడు. వంటింట్లో చీమలు. సావిట్లో రెండూ. వెతికి వెతికి దొడ్లో నూతి దగ్గర నిలబడ్డాడు. ఎండాకాలంలో కూడా అడుగు కనబడని నుయ్యి అది.

"నీళ్ళమీద ఎలక నడవదు," అన్నాడు నూకాలుతో.

"చీమా నడవదు," అంది నూకాలు.

"బుర్ర తేలుతుంది. మైనం పూసింది కాబట్టి తడి లోపలికి పోదు. ఇంత తేలిక ఉపాయం అమ్మకి ఇన్నేళ్ళూ తట్టలేదు చూడు."

నిజం చెప్పాలంటే ఇది ఆ ఇంట్లో ఇంతవరకు పుట్టిన ఆలోచనల్లోకెల్లా కాస్త మంచిది. తాడు కట్టి బుర్రని మెల్లగా దింపారు. బుర్ర నీళ్ళమీద హాయిగా తేలింది. తాడు ఎలకలకి దారవుతుందని విప్పి పైకి లాగేశారు. ముగ్గురూ నూతి గట్టుమీద చేతులు పెట్టుకుని చూశారు.

"అన్నా," అన్నాడు అప్పలకొండ, కొంచెం సేపటికి. "బుర్ర పక్కకి వాలింది."

ముగ్గురూ తలలు పక్కకి వంచి చూశారు.

"వంకరగా తేలుతోంది," అంది నూకాలు.

గవరయ్య నిట్టూర్చాడు. "నేను రైతునై గంట కాలేదు. అప్పుడే వంకర." అప్పలకొండని నూతిలోకి దింపాడు. బుర్ర మెడకి కాదు, తిన్నగా దాని అడుగుకే, పాఠం నేర్చుకున్నాడు కదా, గట్టి తాడుతో ఈసారి పొత్రమే కట్టించాడు. అప్పలకొండ చెయ్యి వదలగానే బుర్ర నిటారుగా నిలబడింది. నిలబడినట్టే దిగింది. మూడు బుడగలు వచ్చాయి.

"ఎంత తిన్నగా దిగిందో చూశావా," అన్నాడు గవరయ్య.

తొలకరి పడింది. ఊళ్ళో అందరూ పాదులు తవ్వారు. పైడమ్మ వచ్చి, "గవరా, గింజలేవిరా?" అంది. కొడుకు ఆమెని చెయ్యి పట్టుకుని నూతి దగ్గరికి తీసుకెళ్ళాడు. ఆమె కొత్తకళ్ళతో లోపలికి చూసింది. నల్లటి నీళ్ళు, వాటిలో తన మొహం.

"ఎందుకురా?" అంది.

"వంకర కనిపించిందమ్మా."

పైడమ్మ నూతి గట్టుమీద కూలబడింది. తిడదామంటే అవి తన మాటలే. గోనెసంచి మచ్చ ఇంకా మణికట్టు మీద ఉన్న ఎర్రన్న, చూడలేక, బుర్రని పైకి లాగడానికి నూతి గాలం పట్టుకొచ్చాడు. గవరయ్య అడ్డం నిలబడ్డాడు. "వేసిన విత్తనాన్ని తవ్వి చూడకూడదు మావా. మొలక చస్తుంది. ఇప్పుడు నేను రైతుని, నా మాట విను."

అప్పటికే అప్పలకొండ నూతి చుట్టూ నాలుగు గుంజలు పాతాడు. నూకాలు వాసాలు అందిస్తోంది. నూతి మీద పందిరి లేచింది. తీగ నీళ్ళలోంచే వస్తుంది కాబట్టి పాదుకి నీళ్ళు పొయ్యాల్సిన పని కూడా లేదని లచ్చన్న మెచ్చుకున్నాడు. గవరయ్య పైపంచె ఒడిలో గులకరాళ్ళు పోసుకుని పందిరి కింద కూర్చున్నాడు, పిందెలు వంకర వస్తే అప్పటికప్పుడు కట్టడానికి.

పిల్లలూ, ఈ కథ మీకు ఎవరైనా దొరికితే చెప్పండి, మీ పిల్లలకైనా సరే, బడిలో పక్కన కూర్చున్నవాళ్ళకైనా సరే. చెప్పేటప్పుడు రాయి ఎంత చిన్నదో, ఎందుకు కడతారో అది కూడా చెప్పండి, మర్చిపోకండి. ఒక కాలు బస్సు మెట్టు మీద పెట్టి మాత్రం చెప్పకండి. బస్సు పోతే పోనివ్వండి.